లారీల సీరియల్ ఏ భాషలో రాయాలి?

కర్నూలులో మేముండే వీధిలో నన్ను కంప్యూటర్ సార్ అంటారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ పేరు వదల్లేదు. ఆదివారం వచ్చిందంటే నందికొట్కూరు నుంచో ఆత్మకూరు నుంచో ఇంజనీరింగ్ పిల్లలు ఎవరో ఒకరు బైకు దిగుతారు. కాఫీ తాగుతారు, మా ఆవిడ పెట్టిన మురుకులు తింటారు, ప్లేటు ఖాళీ అయ్యాక అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు. "సార్, ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే మంచిది?"

నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లికూతురెవరో చెప్పకుండా చీర ఏ రంగు తీసుకోవాలని అడిగినట్టుంటుంది. చేసే పని ఏదో చెప్పరు, పనిముట్టు మాత్రం చెప్పమంటారు. అయినా పిల్లల మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? మళ్లీ కూర్చోబెట్టి చెబుతాను. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇప్పుడు రాసి పెడుతున్నాను. నా ప్రమోషన్లు, శాలువాలు, ఫైళ్ల గొడవలు ఇందులో ఉండవు. అవి నాకే సరిగా గుర్తు లేవు. నేను పని చేసింది ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో. దాని పేరుతో మీకు పని లేదు.

చల్లని గది

మా ఫ్యాక్టరీలో మెయిన్‌ఫ్రేమ్ ఉండేది. అంటే గదిని దాదాపుగా ఆక్రమించుకున్న పెద్ద కంప్యూటర్. అది వేడికి తట్టుకోలేదు కాబట్టి దాని గదికి ఎప్పుడూ ఏసీ ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే కంప్యూటర్ అంటే గిట్టని ఆఫీసర్లకు కూడా మాతో మాట్లాడాల్సిన పనులు పుట్టుకొచ్చేవి. కడప ఎండల్లో ఆ మిషన్‌కు దక్కిన గౌరవంలో సగం ఏసీది.

జీతాలు, స్టోర్సు లెక్కలు, లారీల సీరియల్, అన్నీ ఆ మిషనే చూసేది. ఒక ఫైలు తెరిచి, అందులో కావలసిన వరుసలు ఏరి, సరిచేసి, ప్రింటరుకు పంపడం లాంటి పనులు రోజూ ఉంటాయి. వాటిని మిషనే తనంతట తాను చేసుకునేలా రాసిపెట్టే చిన్న ప్రోగ్రాములను స్క్రిప్టులంటాం. చిల్లర పనులని తీసిపారేయకండి. ఫ్యాక్టరీ నడిచేది ఆ చిల్లర పనుల మీదే.

నేను చేరిన రోజున నా మొదటి బాస్ వెంకటరమణయ్య గారు నన్ను ఆ చల్లని గదిలోకి రానివ్వలేదు. గేటు దగ్గర కుర్చీ వేయించి కూర్చోమన్నారు. చేతిలో కొత్త డిగ్రీ, ముందర లారీల దుమ్ము. కొన్ని రోజులు ఓర్చుకుని, "కంప్యూటర్ ఎప్పుడు చూపిస్తారు సార్?" అని అడిగాను.

"ముందు లారీ చూడప్పా," అన్నారాయన. "కంప్యూటర్ యాడికీ పోదు. చల్లగా కూచోనుండాది."

ఆ కుర్చీలో కూర్చుని నేను చూసింది ఇది. సిమెంటు ఎత్తుకోవడానికి వచ్చిన లారీలకు వచ్చిన వరుసను బట్టి నంబరిస్తారు. దాన్నే సీరియల్ అంటారు. పొద్దున్నే ఆ సీరియల్ ప్రింటు తీసి గేటుకు అంటిస్తే, దాని ప్రకారం లారీలు లోపలికి పోతాయి. అయితే మా వైపు చాలామంది అమావాస్య నాడు బండి తీయరు. ఎంత నష్టం వచ్చినా తీయరు. సాయిబుల బండ్లేమో శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు వరుసలో ఉండవు. అందుకని వాళ్లలో వాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. అమావాస్య నాడు సీరియల్ వచ్చినవాడు తన వంతును ఒక సాయిబుకిస్తాడు. శుక్రవారం నాడు సాయిబు తన వంతును వాడికిస్తాడు. ఇద్దరూ కలిసి గేటు గుమస్తా దగ్గరికి పోయి "మాకు మార్పు" అని చెబితే చాలు. కాగితం లేదు, సంతకం లేదు, కొట్లాట అసలే లేదు. వెంకటరమణయ్య గారు ఈ మార్పు పద్ధతిని మెయిన్‌ఫ్రేమ్ స్క్రిప్టులో పొందికగా ఇమిడ్చి పెట్టారు. రాసిన భాష రెక్స్. మా ఆవిడ కొత్తలో అది ఎవరి కుక్క పేరో అనుకుంది.

నా పక్షపాతాలు

భాషల గురించి నా అభిప్రాయాలు ఇక్కడే కక్కేస్తాను. నచ్చకపోతే మురుకులు తిని వెళ్లిపోండి.

మెయిన్‌ఫ్రేమ్ పని దొరికితే ముందు జేసీఎల్ నేర్చుకోక తప్పదు. ఏ పని, ఏ ఫైలుతో, ఏ వరుసలో జరగాలో మిషన్‌కు చెప్పే పద్ధతి అది. దాని మీద ప్రేమ అక్కర్లేదు, కాస్త భయం ఉంటే చాలు. ఒక్క కామా జారితే పని మొత్తం ఆగిపోతుంది.

రెక్స్ మీద నాకున్నది ప్రేమే, దాచుకోను. రాసిన ఆర్నెల్లకు మళ్లీ తెరిచినా చదివితే అర్థమవుతుంది. వరుసలో ఉన్న మాటలను విడదీసి ఎవరి చోట వాళ్లను కూర్చోబెట్టడంలో దానికి సాటి లేదు. పైగా అది మెయిన్‌ఫ్రేమ్‌లోనూ నడుస్తుంది, డెస్క్‌టాప్‌లోనూ నడుస్తుంది.

విండోస్ డెస్క్‌టాప్‌లలో ఆదేశాలను వరుసగా రాసిపెట్టే బ్యాచ్ ఫైలు ఇంట్లో స్క్రూడ్రైవర్ లాంటిది, ఉండాల్సిందే. దానితో ఇల్లు కట్టాలని చూసినవాళ్లను నేనెరుగుదును, వాళ్లు ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. వీబీ స్క్రిప్టు ఒకప్పుడు ప్రతి విండోస్ మిషన్‌లోనూ ఉచితంగా వచ్చేది, ఎక్సెల్‌తో బాగా కలిసిపోయేది. ఇప్పుడు ఇచ్చినవాళ్లే మెల్లగా వెనక్కి తీసుకుంటున్నారు, ఆ చోటికి పవర్‌షెల్ వచ్చింది. విండోస్ మిషన్లు చూసుకునే ఉద్యోగమైతే అది నేర్చుకోండి. పెర్ల్ మహా చురుకైంది, కానీ రాసినవాడికి ఆ పూటకే అర్థమవుతుంది. ఈరోజు మొదలుపెట్టే పిల్లలైతే పైథాన్‌తో మొదలుపెట్టండి. అది ఇప్పుడు మెయిన్‌ఫ్రేమ్‌లోకి కూడా చేరింది. ఈ మాట రాయడానికి నా చెయ్యి ఎంత మొరాయించిందో నాకే తెలుసు.

ఇవన్నీ నేర్చుకోవాలని మాత్రం కూర్చోవద్దు. మా సెక్షన్‌లో ఒకాయన ఉండేవాడు, పేరు వద్దులెండి. మార్కెట్లోకి వచ్చిన ప్రతి భాషకూ పుస్తకం కొనేవాడు. ప్రతి పుస్తకంలోనూ మూడో అధ్యాయం దాకా అండర్‌లైన్ ఉండేది. ఆయనతో మాట్లాడుతుంటే మహా సరదాగా ఉండేది. పని మాత్రం ఒక్కటీ పూర్తయ్యేది కాదు.

నాగవేణి సమస్య

వెంకటరమణయ్య గారు రిటైరై, ఆ సెక్షన్ నా చేతికొచ్చిన చాలా కాలానికి, మెయిన్‌ఫ్రేమ్‌ను ఆపేయాలని హెడ్డాఫీసు తీర్మానించింది. పనులన్నీ డెస్క్‌టాప్ కంప్యూటర్లకు మార్చాలి. అప్పుడు నా దగ్గర నాగవేణి అనే అమ్మాయి కాంట్రాక్టు మీద పని చేస్తుండేది. ప్రొద్దుటూరులో చేనేత కుటుంబం వాళ్లది. ఇంట్లో రెండు మగ్గాలుంటే ఒకటే ఆడుతోంది, ఇల్లు గడిచేది చాలావరకు ఈ అమ్మాయి జీతం మీదే. రోజూ బస్సులో వచ్చేది, బస్సులో నిలబడే చదువుకునేది. ఆమె కాంట్రాక్టు మెయిన్‌ఫ్రేమ్‌తో ముడిపడి ఉంది. ఆ మిషన్ ఆగిన రోజున ఉద్యోగమూ ఆగుతుంది.

డెస్క్‌టాప్ వైపు ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు మంజూరైంది. అది కూడా ఖాయం కాదు. లారీల సీరియల్ అన్నింటికంటే చిక్కు పని. దాన్ని సెక్షన్‌లో వాళ్లే మార్చగలిగితే మార్చినవాళ్లకు ఆ పోస్టు. లేదంటే పని బయటి కంపెనీకి పోతుంది, పోస్టూ ఉండదు. ఈ మాట మేనేజర్ గారు మా ఇద్దరినీ పిలిచి ముఖానే చెప్పారు. ఆయనది ఉత్తరాది, మాట్లాడేది ఇంగ్లీషు. మనిషి చెడ్డవాడు కాదు, లారీలంటే ఆయనకు కిటికీలోంచి వినిపించే హారన్లు, అంతే.

బయటికి రాగానే నాగవేణి అడిగింది. "సార్, నాకు ఒకటి నేర్చుకునేంత టైమే ఉండాది. రెండు నేర్చుకుంటే రెండూ సగమే వస్తాయి. ఏది నేర్చుకోవల్ల?"

ఆ అమ్మాయి ఊరికే అడగడం లేదు. తప్పు భాష పట్టుకుంటే మిషన్ ఆగిన మరునాటి నుంచి బస్సు పాస్ అవసరం ఉండదు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రెక్స్ అన్నాను. మెయిన్‌ఫ్రేమ్‌లో ఉన్న పాత ప్రోగ్రాం చదవాలన్నా అదే, డెస్క్‌టాప్‌లో కొత్తది రాయాలన్నా అదే. డెస్క్‌టాప్ రెక్స్ ఉచితంగా దొరుకుతుంది కూడా.

"అది పాతదై పాయ అంటాండారు సార్ అందరూ."

"పాతదైపోయిందన్న వాళ్లను ఒక్కసారి దానిలో రాసి చూపించమను," అన్నాను. వాదనలో గెలిచాను గానీ, ఆ అమ్మాయి మొహంలో దిగులు పోలేదు. మరుసటి రోజు నుంచే మొదలుపెట్టింది.

అమావాస్య

మేనేజర్ గారు మా మీదే ఆధారపడకుండా హైదరాబాదు నుంచి ఒక కంపెనీని కూడా పిలిపించారు. వాళ్ల ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు, తెలివైనవాడు. అందరినీ కూర్చోబెట్టి సీరియల్ ఎలా నడుస్తుందో అడిగాడు. గేటు గుమస్తా చెప్పాడు, సెక్యూరిటీ వాళ్లు చెప్పారు, డిస్పాచ్ వాళ్లు చెప్పారు. మార్పు గురించి నాతో సహా ఒక్కరూ చెప్పలేదు. దాచాలని కాదు. అమావాస్య నాడు బండి తీయకపోవడం కూడా ఒక సంగతేనా, లోకంలో అందరికీ తెలిసిందే కదా అని మా వాళ్ల నమ్మకం. అతను వీబీ స్క్రిప్టులో చక్కగా రాశాడు. వంతు వచ్చినప్పుడు లారీ గేటు దగ్గర లేకపోతే దాని నంబరు చివరికి పోతుంది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి.

ట్రయలుకు మంచి రోజు చూసుకోమని మేనేజర్ గారికి ఎవరూ చెప్పలేదు. నెలలో అన్ని రోజులుండగా ఆయన అమావాస్యనే ఎంచుకున్నారు.

పొద్దున సీరియల్ అంటించారు. వరుసలో ముందున్న బండ్లు సగం రాలేదు. కంప్యూటర్ వాటన్నిటినీ చివరికి తోసేసింది. ఆ వంతుల్లో ఎక్కించుకోవడానికి సిద్ధంగా వచ్చిన సాయిబుల బండ్లకు చోటు దొరకలేదు. మధ్యాహ్నానికి గేటుకు అడ్డంగా లారీలు నిలబెట్టేశారు. లారీ ఓనర్ల సంఘం పెద్ద ఓబుళరెడ్డి తెల్ల బట్టలతో జీపు దిగాడు. ఆయన గొంతుకు మైకు అవసరం ఉండదు.

"ఏమప్పా కంప్యూటర్ సారూ! మా బండ్లను తోకకు ఏసినారంట? ఎవుడు జేసినాడప్పా ఈ పని? అమావాస్య అని తెలీదా ఆ మిషన్‌కు?"

పక్కనే మస్తాన్ నిలబడి ఉన్నాడు. ఒకే లారీ, దానికి ఓనరూ డ్రైవరూ తానే. "నా శుక్రవారం ఏం కావల్ల సార్?" అన్నాడు మెల్లగా. "ఈరోజు నేను రెడ్డి వంతులో ఎక్కించకుంటే, శుక్రవారం నా వంతు ఎవరు తీసుకుంటారు?"

హైదరాబాదు ఇంజనీరు బిత్తరపోయి, "ఈ సంగతి నాకెవరూ చెప్పలేదండీ," అన్నాడు. నిజమే, అతని తప్పేమీ లేదు. మేనేజర్ గారు పాత మెయిన్‌ఫ్రేమ్ సీరియల్ అంటించమన్నారు. సాయంత్రానికి లారీలు కదిలాయి. ఆ రాత్రి భోజనం దగ్గర ఈ కథ చెబుతుంటే మా ఆవిడ నవ్వు ఆపలేకపోయింది. నాకైతే నవ్వు రాలేదు, నాగవేణి రెక్స్ ప్రోగ్రాం సగంలోనే ఉంది.

చదివి వినిపించిన ప్రోగ్రాం

అప్పుడు ఆ అమ్మాయి ఒక పని చేసింది. పాత ప్రోగ్రాంలోని మార్పు పద్ధతిని చదివి అర్థం చేసుకుంది, డెస్క్‌టాప్‌లో తిరిగి రాసింది. నాకు చూపించే ముందే ప్రింటు తీసుకుని గేటు దగ్గరికి పోయింది. వేపచెట్టు నీడలో ఓబుళరెడ్డి, మస్తాన్, ఇంకా కొందరు కూర్చుని ఉన్నారు. ఒక్కో వరుస తెలుగులో చెబుతూ చదివి వినిపించింది. నేను వెళ్లేసరికి వాదన ముదిరి ఉంది.

"ఇద్దరూ వచ్చి చెప్పల్ల అని యాల పెట్టినావు పాపా?" అంటున్నాడు ఓబుళరెడ్డి. "ఒకరు చెప్తే సాల్దా?"

"ఒకరే చెప్తే రెండోవాళ్లకు తెలీకుండానే వంతు పోతాది గదా పెద్దాయనా."

"ఎవురిది పోతాది? నా మాట కాదనేటోడు ఈ గేటు కాడ ఎవడుండాడు?"

"అందుకే పెద్దాయనా," అంది నాగవేణి. "మీ మాట ఎవరూ కాదనరు. అందుకే ఇద్దరూ రావల్ల."

ఓబుళరెడ్డి పకపకా నవ్వాడు. "ఓయమ్మ! ఈ పాప నా బండ్లన్నీ లెక్కేసుకోనే వచ్చిండాది," అన్నాడు. మస్తాన్ తల వంచుకుని నవ్వుకున్నాడు. నేను మాత్రం పైకే నవ్వాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఎవరికీ ప్రోగ్రాం చదివి వినిపించలేదు. చదివితే మామూలు మనుషులకు అర్థమయ్యే భాష కాబట్టే ఆ అమ్మాయి ఆ పని చేయగలిగిందని గర్వపడ్డాను. రెక్స్ గెలిచిందని మనసులో ఎగిరి గంతేశాను.

తర్వాతి అమావాస్యకు నాగవేణి సీరియల్ అంటించారు. ఒక్క హారన్ ఎక్కువ మోగలేదు.

మళ్లీ మేనేజర్ గారి గది

అక్కడితో కథ ముగిసిందనుకున్నాను. మేనేజర్ గారు పిలిచి బాగుందని చెబుతూనే, "కానీ ఒక ఇబ్బంది ఉంది," అన్నారు. బయటి నుంచి దింపిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదీ గేటు కంప్యూటర్లలో ఉండకూడదని హెడ్డాఫీసు నియమం. విండోస్‌తో వచ్చే వీబీ స్క్రిప్టు అయితేనే ఒప్పుకుంటారు. రెక్స్ అయితే పోస్టుకు సంతకం పెట్టలేనన్నారు.

నా కోపం నషాళానికంటింది. ఆ వీబీ స్క్రిప్టు ముప్పుతిప్పలు పెట్టిన రోజు మరిచారా, అమావాస్య నాడు గేటు దగ్గర నిలబడింది మేము కాదా అని మొదలుపెట్టాను. టేబులు మీద పేపర్‌వెయిట్ కాస్త పక్కకు జరిగింది కూడా.

నాగవేణి నా మాటకు అడ్డం వచ్చింది. "ఎప్పటికి కావాలి సార్?" అని మేనేజర్ గారిని ఇంగ్లీషులోనే అడిగింది.

"మెయిన్‌ఫ్రేమ్ నెలాఖరున ఆగుతుంది. అంతలోపు."

"సరే సార్."

అంతే. బయటికి రాగానే నేను విరుచుకుపడ్డాను. "ఏం సరేనమ్మా? ఒకటి నేర్చుకునేంత టైమే ఉందన్నావు. ఇప్పుడు రెండోది ఎలా నేర్చుకుంటావు?"

"మీరు కోపం చేసుకోవద్దండి సార్," అంది. "చెట్టు కింద రెడ్డి పెద్దాయనతో వాదించేటప్పుడే సీరియల్ అంతా నా నోటికి వచ్చేసింది. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు రాకుంటే ఏమి చేయల్ల, అంతా. ఇంగ ఏ భాషలో అడిగినా రాస్తా."

వారం తిరగకముందే రాసింది. మధ్యలో ఒకరోజు మాత్రం విసుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. "రెక్స్‌లో ఒక్క వరుసలో అయ్యే పని దీంట్లో ఇంతపొడుగు రాయల్సొస్తాంది సార్," అంది. ఆ మాట విని నాకు పాయసం తాగినంత తృప్తి కలిగింది. రెండు ప్రోగ్రాములనూ కొన్ని రోజులు పక్కపక్కనే నడిపింది. రెండు సీరియళ్లూ వరుసకు వరుస సరిపోయాయి.

కొత్త సీరియల్ అంటించే రోజు నేను గేటు దగ్గరికి వెళ్లాను. డ్రైవర్లు వచ్చారు, వేలితో తమ నంబరు వెతుక్కున్నారు, బీడీలు పారేసి బండ్లు ఎక్కారు. మస్తాన్ కూడా చూసుకుని, "సార్, బాగుండారా?" అని పలకరించి తన లారీ స్టార్ట్ చేసుకుని లోపలికి పోయాడు. భాష మారిన సంగతి ఒక్కరికీ తెలియలేదు. నేను మూతి ముడుచుకుని నిలబడ్డాను. నాగవేణి పక్కనే నిలబడి, లోపలికి పోతున్న ఒక్కో బండినీ చూస్తూ వెలిగిపోతోంది.

"సార్, చూడండి," అంది. "ఎవరికీ తెలీలేదు!"

నేను ఏ కారణానికి మూతి ముడుచుకున్నానో, ఆ అమ్మాయి అదే కారణానికి సంబరపడుతోంది. అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

గొడవేమైనా జరుగుతుందేమోనని మేనేజర్ గారు కూడా వచ్చారు. లారీలు కదులుతుండడం చూసి కాసేపు నిలబడ్డారు. జేబులోంచి మడిచిన కాగితం తీసి, జీపు బానెట్ మీద పెట్టి సంతకం చేసి నాగవేణి చేతికిచ్చారు. పర్మనెంటు ఆర్డరు. ఆ అమ్మాయి దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. కళ్లనీళ్లు పెట్టుకుని, అక్కడి నుంచే స్పీకరు పెట్టి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, నన్ను పర్మనెంటు చేసినారు!"

అటు నుంచి వాళ్లమ్మ గొంతు, వెనక మగ్గం చప్పుడు, గేటు దగ్గర అందరికీ వినిపించాయి. "అబ్బ, దేవుడు సల్లగా సూసినాడు తల్లీ! అయితే ఇంగ ఆ బస్సులో నిలబడి సదివేది అయిపోయినట్లే గదా?"

నాగవేణి చెంపలు తుడుచుకుంటూ గట్టిగా నవ్వింది.

"యాడ అయిపోతాదిమా! రేపు ఇంగో భాష వస్తాది. సదువుకోమనే గదా ఇప్పుడు కాగితమిచ్చినారు."